ఆరున్నర అంగుళాలు

కెంటకీ కొండల దిగువన ఒక ఇల్లు. వంటగదిలో నెడ్రా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె అన్న భార్య కార్లిస్ గుడ్డ సంచి ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది.

“అట్లా చూస్తూ కూర్చునే బదులు నువ్వూ నాలుగు కాయలు తుంచొచ్చుగా వదినా.”

“కాయలు తుంచడానికి రాలేదు నెడ్రా. బొంతకి కుట్టిన ఈ నక్షత్రం చూడు. మూడుసార్లు విప్పాను. నాలుగోసారీ కలవడం లేదు.”

“ఎల్లుండే కదా శనివారం.”

“ఎల్లుండే.”

“చర్చి హాల్లోకి నీ దగ్గర నేర్చుకునే నలభై మందీ ఈ నక్షత్రం ఉన్న చివరి పెద్ద గడి కుట్టుకుని వస్తారు. వారానికో గడి చొప్పున పది వారాలు బొంత కుట్టించిన మనిషివి. చివరి గడి నీదే నోరు తెరుచుకుని ఉంటే ఏం బాగుంటుంది?”

“అందుకే వచ్చాను.”

“ఏదీ, ఇలా పరువు. అబ్బో. ఇది నక్షత్రం కాదు, తొక్కిన కప్ప.”

“నవ్వుకో.”

“నవ్వట్లేదు. కొసలన్నీ తెగిపోయాయి చూడు. నడిమి ముక్కకీ మూలలకీ పొంతన లేదు. నీ కుట్టు వదులు వదినా. మొదట్నుంచీ అంతే. పెళ్లైన కొత్తలో మా అన్న చొక్కాకి గుండీ కుట్టావు, చర్చికి చేరేలోపే రాలిపోయింది.”

“ఆ గుండీ రాలి ముప్పై ఏళ్లయింది.”

“నాకు గుర్తుంటాయి.”

“తెలుసు. అంచున కుట్టుకి పావంగుళమే వదిలాను. స్కేలు పెట్టి చూశాను.”

“అయితే గుడ్డ సాగుంటుంది. ఇస్త్రీ పెట్టె అద్దాలి, నువ్వు రుద్దుంటావు.”

“అద్దాను.”

“అయితే విప్పి మళ్లీ కుట్టు.”

“ఐదోసారా?”

“నక్షత్రానికి నీ పేరు పెట్టుకున్నావు కదా. కార్లిస్ నక్షత్రం. ఆమాత్రం కష్టపడకపోతే ఎలా?”

“ఆ పేరు నేను పెట్టలేదు. జిల్లా ప్రదర్శనలో మొదటి బహుమతి రిబ్బన్ ఇచ్చినవాళ్లు కార్డు మీద రాశారు.”

“నువ్వు కొట్టేయమనలేదు.”

“అనలేదు. అనాల్సింది.”

“చల్లటి టీ పోయనా?”

“వద్దు. నెడ్రా, ఒక మాట అడుగుతాను. అందరికీ పంచడానికి కొలతలు రాసిచ్చింది నువ్వే కదా.”

“నువ్వు అడిగితేనే రాశాను. లెక్కలు నాకు రావు, చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు గుడ్డ కోశావు, నువ్వే రాసిపెట్టు అన్నావు.”

“మూలల ముక్కలు ఆరున్నర అంగుళాలకి కోయమన్నావు.”

“అన్నాను.”

“ఆరున్నరేనా?”

“ఏం, అనుమానమా?”

“ఊరికే అడుగుతున్నాను.”

“ఆరున్నరే. నీ చేతి లోపం తెచ్చి నా కాగితానికి అంటగట్టకు.”

“సరే. నా సంగతి పోనీ. ఆర్డిత్‌ని తలుచుకుంటేనే బెంగగా ఉంది. ఇవాళ కోస్తానంది.”

“ఆ ముసలామె ఇంకా కోయనే లేదా?”

“మనసు రాక ఆగింది.”

“గుడ్డ కోయడానికి మనసెందుకు, కత్తెర చాలదా? తప్పిపోతే కొట్లో ఇంకో గజం కొనుక్కుంటుంది.”

“కొట్లో దొరకదు. హోయల్ చొక్కాలవి.”

“ఏ హోయల్?”

“ఎంతమంది హోయల్‌లు ఉన్నారు మనకి? ఆవిడ కొడుకు, గనిలో పోయాడే, వాడు. మూడు చొక్కాలు మిగిలాయట. ఇన్నేళ్లూ ఎవరినీ తాకనివ్వలేదు. ఈ నక్షత్రం కోసం పెట్టెలోంచి తీసింది. మూలలకి సరిగ్గా సరిపోతాయంది.”

“ఎవరు తీయమన్నారు ఆవిణ్ణి?”

“నేనే అన్నాను. పెట్టెలో చిమ్మెటలు తినేకంటే మంచం మీద కప్పుకో అన్నాను.”

“అయితే నువ్వే చూసుకో.”

“చేయి ఆగిందేం?”

“ఏ చేయి?”

“కాయ పట్టుకుని కూర్చున్నావు.”

“దీంట్లో పురుగుంది.”

“ఫోన్ చేసి ఆర్డిత్‌ని ఆగమననా?”

“ఎందుకు ఆగమనాలి?”

“నువ్వు చెప్పు.”

“నేనేం చెప్పను?”

“కొలత ఇంకోసారి చూసుకుంటే మంచిదేమో అని. అంతే. తప్పు రాశానని కూడా అనక్కర్లేదు. ఆ ఒక్క మాటంటే చాలు.”

“చూసుకోవాల్సింది ఏమీ లేదు.”

“మూడే చొక్కాలు నెడ్రా.”

“కోసుకోనీ అంటున్నానా. కలవకపోతే నీ దగ్గరికే వస్తుంది. నలభై మందీ నీ దగ్గరికే వస్తారు. దాని మీద ఉన్నది నీ పేరే కదా. నీలం రిబ్బన్ తగిలించుకుని ఫొటోకి ఎంత హాయిగా నిలబడ్డావో, శనివారం వాళ్ల ముందు కూడా అంత హాయిగా నిలబడు.”

“ఓహో.”

“ఏం ఓహో? ఆ నక్షత్రం మా అమ్మ గీసింది. అట్టపెట్టె కోసి, అచ్చులు చేసుకుని, బిస్కెట్ డబ్బాలో దాచుకుంది. ఆవిడ పోయిన మూడో రోజు చూస్తే బీరువాలో డబ్బా లేదు. మీ ఇంట్లో తేలింది. దాన్ని దొంగతనమంటే మాత్రం నీకు పొడుచుకొస్తుంది.”

“ఆవిడే నా చేతికిచ్చింది. పోయే ముందు వారం.”

“ఎవరు చూశారు? నువ్వూ, పోయిన మనిషీ.”

“రెండేళ్లుగా ఈ మాట ఊరంతా తిప్పావు. కొట్లో, చర్చిలో, చివరికి పళ్ల డాక్టరు దగ్గర కూడా. నేను వెళ్లి బల్ల దగ్గర కూర్చుంటే పక్కావిడ తన పర్సు దగ్గరికి లాక్కుంటుంది.”

“లాక్కోనీ.”

“అంతేనా?”

“అంతే.”

“ఏడు.”

“ఏంటి ఏడు?”

“ఏడంగుళాలు. ఏడుకి కోసి, కుట్టాక అంచులు సరిచేసుకుంటే కొసలు నిలుస్తాయి. లెక్కలు రావన్నాను గానీ కళ్లు లేవనలేదు. పాత దుప్పటి చింపి ఒకటి కుట్టి చూడకుండా ఎవరైనా కొలత బయట పెడతారా నెడ్రా? నువ్వు కాగితం ఇచ్చిన సాయంత్రమే కుట్టాను. నీ ముందున్న తొక్కిన కప్ప అదే.”

“మరి ఆ నలభై మందీ?”

“వాళ్లకి ఏడు అనే రాసిచ్చాను. ఆర్డిత్ నక్షత్రం నిన్ననే పూర్తయింది. ఒక్క కొస కూడా తెగలేదు.”

“ఇంతసేపూ నాతో ఆడుకున్నావన్నమాట.”

“మాట కలుపుదామనే నిన్ను రాయమన్నాను. ఆ కాగితం చూశాక కూడా పొరపాటేమో అనుకున్నాను. ఆర్డిత్ కూడా అలాగే అంది. పొరపాటైతే నా కొడుకు చొక్కాలనగానే ఆపుతుంది, వెళ్లి చెప్పి చూడు అంది.”

“ఆవిడకి ఎందుకు చెప్పావు?”

“ఈ ఊళ్లో నా మాట నమ్మేవాళ్లు లేరు కదా. సాక్షి కావాలి. నీ వరండాలో ఉయ్యాల కుర్చీ ఉంది చూడు, కిటికీ కింద. అందులో కూర్చుంది.”

“ఎప్పట్నుంచి?”

“తొక్కిన కప్ప దగ్గర్నుంచి. చెవులు బాగానే వినిపిస్తాయి ఆవిడకి.”

“వదినా.”

“శనివారం నేనేమీ చెప్పను. ఆవిడే చెబుతుంది.”

“వదినా, ఆగు. ఆవిణ్ణి లోపలికి పిలు. నేను మాట్లాడతాను. ఆ నక్షత్రం మడవకు. కూర్చో. కనీసం తిట్టి వెళ్లు. ఆ తలుపు తీయకు. ఆ రోజు నేను మెట్ల మీదే ఉన్నాను వదినా, అమ్మకి సూప్ పట్టుకెళ్తూ. నీ చేతికి డబ్బా ఇవ్వడం చూశాను. ‘నెడ్రాకి ఇవ్వకు, అది ఎవరికీ నేర్పదు, ఎవరినీ కుట్టనివ్వదు’ అంది అమ్మ. అంతా విన్నాను. ఆ మాట నువ్వు ఒక్కసారి బయట పెట్టుంటే ఊరంతా నిన్నే నమ్మేది. ఎందుకు పెట్టలేదు వదినా? వదినా?”