నాలుగో లీవరు

వాన పట్టుకోవడంతో టీ కొట్టు రేకు కింద మేం ఐదారుగురం ఇరుక్కుని నిలబడ్డాం. బల్ల మీద మాత్రం వెల్డింగు మేస్త్రి కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు. ఎవరో స్టూలు కాలు విరిగింది, అతకగలవా అని అడిగితే నవ్వాడు.

"స్టూలు కాలా? నేను గిటారుకి మోకాళ్ళు పెట్టినవాణ్ణి. మామూలు గిటారు కాదు, పెడల్ స్టీల్ గిటారు. బల్లలా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది, ముందు కుర్చీ వేసుకుని వాయించాలి. చేతిలో ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంటుంది, కింద పాదంతో పెడలు తొక్కితే తీగ బిగుసుకుని స్వరం మారుతుంది. కొత్తవాటికి మోకాలితో పక్కకి నెట్టే లీవర్లు కూడా ఉంటాయి. ఇది పాతకాలపుది, ఉత్త పెడళ్ళే. వాయించే పెద్దాయనకి పక్షవాతం వచ్చి పాదం చచ్చుబడింది. కొడుకు దాన్ని ఆటోలో వేసుకొచ్చి నా షెడ్డులో దింపాడు. నాన్నకి పాదం లేవట్లేదు, మోకాలు మాత్రం కదులుతోంది, వాయించకుండా ఇలాగే కూర్చుంటే మనిషి మాకు దక్కేలా లేడు అన్నాడు. అలా అంటే కాదనగలనా? సైకిలు బ్రేకు కడ్డీ కోసి, వంచి, గిటారు అడుగున బిగించి, తీగ దాకా సన్నటి ఊచ లాగాను. మోకాలితో నెడితే తీగ సడలి స్వరం అర మెట్టు దిగాలి, అంతే పని. ఒకటి పెట్టి, చేత్తో అలా నెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగని నేను మీటనేలేదు. అయినా మోగింది. గోడ అవతల ఎవరో మూలిగినట్టు, సన్నగా. మేకులకి వేలాడదీసిన స్పానర్లన్నీ ఒక్కసారి గిటారు వైపు తిరిగాయి."

"గాలికి తిరిగుంటాయి బావా," అన్నాడు పక్కనే నిలబడ్డ అతని బావమరిది.

"తలుపు వేసుంటే గాలెక్కడిది? సరే, రెండోది పెట్టాను. ఈసారి పెద్దాయనే వచ్చి కూర్చున్నాడు. మోకాలు ఆనించాడో లేదో, తీగల్లోంచి ఆడమనిషి గొంతు. 'ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా' అంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరండీ అంటే, మా ఆవిడ, పోయి పదేళ్ళయింది అన్నాడు. నా ఒళ్ళు ఝల్లుమంది. ఆయన మాత్రం మోకాలు తియ్యలేదు. కన్నీళ్ళు కారుతున్నా వాయిస్తూనే ఉన్నాడు, ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో, చలికి ఏ చొక్కా తొడుక్కోవాలో."

బల్ల చివర ఒకామె తలెత్తి చూసింది. మేస్త్రితో పనుందని వచ్చి, ఆయన మాట ఆపితే కదా అడగడానికి, టీ గ్లాసు పట్టుకుని కూర్చుండిపోయింది. కొత్త మనిషి వింటోందంటే మేస్త్రికి ఇంకేం కావాలి.

"నువ్వూ విను తల్లీ. మూడోది పెట్టాక నెట్టింది నేనే. గోడ గడియారం ముల్లు వెనక్కి తిరగడం మొదలెట్టింది. తలుపు సందులోంచి చూస్తే వీధిలో మనుషులు వెనక్కి వెనక్కి నడుస్తున్నారు, ఒక్కరి అడుగు చప్పుడు లేదు. కురిసిన చినుకులు నేల మీంచి లేచి మబ్బులోకి పోతున్నాయి. నీడలు మాత్రం మనుషుల్ని వదిలేసి, ఒక్కొక్కటే నా షెడ్డులోకి వచ్చి వరసగా కూర్చున్నాయి. నలభై ఒకటి. అందులో ఒకటి నాది."

టీ పోస్తున్నాయన చెయ్యి ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ మెడ వెనక చల్లగా తగిలింది.

"నాలుగోది పెట్టొద్దని ఆవిడ గొంతే చెప్పింది. నేను వింటానా? పెట్టి నెట్టాను. తీగల్లోంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. గొంతు నాదే. తలెత్తితే గిటారుకి అవతల నేనే కూర్చుని ఉన్నాను, జుట్టంతా తెల్లబడి. 'ఇక లే, ఈ కుర్చీ నాది' అన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుంటే కొట్టుకోవట్లేదు. అరగంట సేపు నేను చచ్చిపోయాను. ఆ అరగంటా తీగలకి అవతలి వైపు తిరిగాను. అక్కడ పోయినవాళ్ళంతా గోడకి చెవి ఆనించుకుని నిలబడి ఉన్నారు, ఇవతల ఎవరైనా మోకాలు కదుపుతారేమోనని. ఆ పెద్దాయన భార్యని కళ్ళారా చూశాను. మా ఆయనకి వాయించడం మానొద్దని చెప్పు అంది."

బల్ల చివరి ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆవిడ మా అమ్మండీ," అంది మెల్లగా. "గిటారు తెచ్చింది మా అన్నయ్య. అమ్మ బతికే ఉంది. నన్నిప్పుడు మీ దగ్గరికి పంపింది ఆవిడే."

మేస్త్రి కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

ఆమె మాటలో కోపం లేదు. నాన్న మళ్ళీ వాయిస్తున్నాడని, రోజూ మధ్యాహ్నం కుర్చీలో కూర్చుంటే లేవడని, అన్నం కూడా సరిగ్గా తింటున్నాడని చెప్పింది. కాకపోతే మోకాలు తీసేశాక తీగ పూర్తిగా బిగుసుకోవట్లేదట. స్వరం కిందే వేలాడి మూలుగుతోందట. లీవరుని వెనక్కి లాగే స్ప్రింగుకి బిగువు చాల్లేదని నాన్న అంటున్నాడట. అది మోగినప్పుడల్లా పక్క గదిలో అమ్మ ఉలిక్కిపడుతోందట.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"చూస్తాలే తల్లీ. ఇంతకీ ఏ లీవరు?"

"మీరు పెట్టింది ఒక్కటే కదండీ," అంది.