తిప్పి కూడితే తేలిన నిజం: మన స్టాటిస్టిక్స్ మేడమ్ గారు

1991 జులై 8, సోమవారం. ఉదయం పది కూడా కాకముందే మన మనస్తత్వశాస్త్ర విభాగం మెట్లెక్కి, నియామక పత్రాన్ని ఆఫీసులో అందజేసి, హాజరు పట్టీలో సంతకం పెట్టి, కూర్చోమని కుర్చీ చూపిస్తున్నా కూర్చోకుండా "నా క్లాసు ఏ గదిలో అండీ?" అని అడిగిన ఒక యువ అధ్యాపకురాలు, ఈ నెలాఖరున అదే హాజరు పట్టీలో తమ చివరి సంతకం చేయబోతున్నారు. ఆవిడను విద్యార్థులు స్టాటిస్టిక్స్ మేడమ్ అన్నారు, సహోద్యోగులు మేడమ్ గారన్నారు, అటెండర్ బాబాయి మాత్రం మొదటి రోజు నుంచీ "లెక్కలమ్మ" అనే అన్నాడు. పేరు ఏదైనా పిలుపులో గౌరవం ఒక్కటే.

ఆ రోజుల్లో మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్ పేపరంటే విభాగంలో ఎవరికీ పడేది కాదు. దాన్ని చెప్పమనగానే సీనియర్లకు ఉన్నపళంగా నడుము నొప్పులు పుట్టుకొచ్చేవి. ఇక విద్యార్థుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మనుషుల మనసులు చదువుదామని, కలల గురించీ జ్ఞాపకాల గురించీ తెలుసుకుందామని, లెక్కల పీడ పదో తరగతితో వదిలిపోయిందని సంబరపడుతూ వచ్చిన పిల్లలకు, అంకమధ్యమం, మధ్యగతం, ప్రామాణిక విచలనం అనే మాటలు వినగానే పెళ్లికని పిలిచి పరీక్ష పెట్టినట్టుండేది.

మేడమ్ గారు మొదటి క్లాసులో పుస్తకం తెరవలేదు. "ఈ గదిలోకి వచ్చాక ఎన్నిసార్లు తలుపు వైపు చూశారో నిజం చెప్పండి" అన్నారు. ఒకడు మూడన్నాడు, ఒకమ్మాయి ఏడంది, వెనక నుంచి ఎవరో "చూపు తిప్పితే కదండీ లెక్కపెట్టడానికి!" అన్నారు. క్లాసు గొల్లుమంది. ఆ అంకెలన్నీ బోర్డు మీద చుక్కలుగా పెట్టి, చుక్కల మీదుగా ఒక గీత గీసి, "ఇదిగో, ఇదే మీ భయం. దీని బొమ్మ గీయగలిగాం కాబట్టి దీంతో మాట్లాడగలం" అన్నారు.

అప్పటి నుంచి ఆ గదికి మూడు ఆచారాలు ఏర్పడ్డాయి. ముందు బొమ్మ గీయాలి, తర్వాతే కూడిక. ఎవరైనా సరే బోర్డు దగ్గరికి వచ్చి అందరి ముందూ లెక్క చేయాలి. మేడమ్ గారి లెక్కలో తప్పు పట్టినవారికి ఆవిడ చేతిలోని సుద్దముక్క బహుమతి. దాన్ని ఇంటికి పట్టుకెళ్లి దాచుకున్నవాళ్లు ఎంతమందో! ఇంట్లో అత్తగారు మాత్రం ఎప్పుడూ ఒకే మాట అనేవారట: "పిల్లల మనసులు తెలుసుకోడానికి కూడికలెందుకే అమ్మాయ్? మొహం చూస్తే తెలియట్లా?" మేడమ్ గారు నవ్వి, "మొహం చూసి చెప్పినవాటిలో ఎన్ని నిజమయ్యాయో లెక్కేద్దామా అత్తయ్యా?" అనేవారట. ఆ లెక్కకు మాత్రం అత్తగారు ఏనాడూ ఒప్పుకోలేదు.

ఇలా పద్నాలుగేళ్లు గడిచాయి. పదిహేనో ఏట వచ్చిన గండం గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ఆ సంవత్సరం స్టాటిస్టిక్స్ పేపరులో తప్పినవారు మరీ ఎక్కువయ్యారు. గణిత విభాగం మాస్టారు అకడమిక్ కౌన్సిల్‌లో ఒక ప్రతిపాదన పెట్టారు: మనస్తత్వశాస్త్రం నుంచి ఈ కోర్సును తీసేయాలి, కావలసినవాళ్లు గణిత విభాగానికే వచ్చి నేర్చుకోవాలి. కోర్సు పోతే మేడమ్ గారి పోస్టూ పోతుందని విభాగంలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు గానీ స్టాఫ్ రూములో ఆవిడ రాగానే మాటలు ఆగిపోయేవి.

మేడమ్ గారు ఏడుస్తూ కూర్చోలేదు. కోర్సు వల్ల పిల్లల్లో లెక్కల భయం తగ్గుతోందో లేదో కొలిచి చూపిస్తానన్నారు. ఇరవై వాక్యాల ప్రశ్నపత్రం తయారు చేశారు. పది వాక్యాలు "అంకెలు చూస్తే గుండె దడదడలాడుతుంది" లాంటివి. మిగిలిన పది అందుకు ఎదురు, "అంకెలతో పని నాకు హాయిగా ఉంటుంది" లాంటివి. ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు వరకు మార్కు పెట్టాలి. కూడేటప్పుడు ఆ హాయి వాక్యాల మార్కులు తిప్పాలి, అంటే ఒకటి ఐదవుతుంది, రెండు నాలుగవుతుంది. అప్పుడే మొత్తం అంతా భయాన్నే కొలుస్తుంది. కోర్సు మొదట్లో కూడితే వందకి సగటు భయం ఎనభై రెండు వచ్చింది. కోర్సు చివర్లో మళ్లీ అదే పత్రం ఇచ్చారు. ఇంతలో కౌన్సిల్ సమావేశం రెండు రోజులు ముందుకు జరిగిందని కబురు. మేడమ్ గారు హడావిడిగా తామే కూర్చుని కూడారు. సగటు యాభై ఎనిమిది!

ఎనభై రెండు నుంచి యాభై ఎనిమిదికి! విభాగాధిపతి గారు కుర్చీలోంచి లేచి, "ఇంకేం కావాలమ్మా! ఆ కాగితం వాళ్ల ముందు పెట్టు, గణితం వాళ్ల నోళ్లు మూతపడతాయి" అన్నారు. ఇంట్లో కూతురు, "అయితే నీ ఉద్యోగం ఉన్నట్టేనా అమ్మా? నా కాలేజీ ఫీజుకి ఢోకా లేదన్నమాట!" అని గంతులేసింది.

సమావేశం రోజు ఉదయం. కౌన్సిల్ గది బయట పొడవాటి వరండా, గోడకు ఆనించిన చెక్క బెంచీ. విద్యార్థుల తరఫున మాట్లాడడానికి ఒకమ్మాయిని రమ్మన్నారు. చప్పుడు చేయకుండా వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, చప్పుడు చేయకుండా వెళ్లిపోతుంది కాబట్టి స్నేహితులు ఆ పిల్లకు "పిల్లి" అని పేరు పెట్టారు. ఎవరూ ముందుకు రాకపోతే చీటీలు వేశారు, ఆమె పేరు వచ్చింది. బెంచీ చివర ముడుచుకుని కూర్చుని, మేడమ్ గారిచ్చిన ఫలితాల కాగితాన్ని కళ్లార్పకుండా చూస్తోంది.

"మేడమ్..."

"చెప్పమ్మా."

"ఇందులో ఎక్కువలో ఎక్కువ అరవై ఆరు అని ఉంది."

"అవును. చూశావా, ఎంత తగ్గిందో!"

"కాదు మేడమ్. నేను భయం వాక్యాలన్నిటికీ ఐదే పెట్టాను. హాయి వాక్యాలన్నిటికీ ఒకటే పెట్టాను. నాకు వంద రావాలి కదా?"

మేడమ్ గారు కాగితం అందుకున్నారు. పది వాక్యాలకు ఐదేసి, యాభై. మిగతా పదింటికి ఒక్కొక్కటి, పది. మొత్తం అరవై. తిప్పితే వంద. తిప్పలేదు. మొదట్లో తిప్పి కూడి, చివర్లో తిప్పకుండా కూడేశారు! సంచీలోంచి అసలు పత్రాలు తీసి, పెన్సిల్ పట్టుకుని, ఆ బెంచీ మీదే కూడడం మొదలుపెట్టారు. పక్కన పిల్లి కూడా సగం పత్రాలు తీసుకుంది. గది లోపలి నుంచి మాస్టారి గొంతు వినిపిస్తోంది, గోడ గడియారం టిక్కుమంటోంది, అటెండర్ బాబాయి తలుపు దగ్గర నిలబడి "తర్వాత మీదే లెక్కలమ్మా" అన్నాడు.

లెక్క తేలింది. సగటు ఎనభై ఒకటి. పాఠాలన్నీ చెప్పాక పిల్లల భయం తగ్గింది ఒక్క మార్కు.

ముందు బొమ్మ గీయండర్రా అని పదిహేనేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటూ చెప్పిన మనిషి, తమ వంతు వచ్చేసరికి బొమ్మ గీయలేదు. గీసుంటే అందరూ అరవై చుట్టూ గొర్రెల మందలా గుమిగూడి ఉండడం చూడగానే అనుమానం వచ్చేది. ఆ సంగతి తలుచుకుని మేడమ్ గారికి తల ఎత్తబుద్ధి కాలేదు.

పిల్లి చాలా మెల్లగా అంది. "నేనెవరికీ చెప్పను మేడమ్. కోర్సు పోతే మీరూ వెళ్లిపోవాలట కదా. క్లాసులో అందరూ అనుకుంటున్నారు."

ఇదీ మేడమ్ గారు నిలబడ్డ చోటు. కాగితంలో యాభై ఎనిమిది ఉంది. లోపల ఉన్నవాళ్లెవరూ ఒక్కొక్క వాక్యం తిప్పి చూడరు. ఈ ఉద్యోగం లేకపోతే ఇల్లెలా గడుస్తుందో ఆవిడకు తెలుసు. నోరు మెదపకుండా ఉంటే చాలు. ఆవిడ పిల్లి మొహంలోకి చూశారట. ఆ పిల్ల కళ్లలో జాలి ఉంది. కానీ జాలి వెనక ఇంకేదో ఎదురుచూస్తున్నట్టు కూడా ఉంది.

"మన క్లాసులో నా తప్పు పట్టినవాళ్లకి ఏమిస్తాను?"

పిల్లి తడబడింది. "సుద్దముక్క."

మేడమ్ గారు చేతిసంచీ అడుగున వెతికి, అరిగిపోయిన సుద్దముక్క ఒకటి తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టారు. తలుపు తెరుచుకుంది. "లెక్కలమ్మా, రమ్మంటున్నారు."

లోపల మేడమ్ గారు ఫలితాల కాగితాన్ని బల్ల మీద పెట్టి, "ఇది తప్పండీ" అన్నారు. ఏం తిప్పాలో, ఏం తిప్పలేదో, అసలు సగటు ఎంతో, ఒక్క మాట దాచకుండా చెప్పారు. విభాగాధిపతి గారు కళ్లు మూసుకున్నారు.

గణితం మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "అంటే పదిహేనేళ్లుగా చెబుతున్న లెక్క మీకే రాలేదన్నమాట" అన్నారు.

"నాకు రాలేదండీ. నా స్టూడెంటుకి వచ్చింది. మొదటి సంవత్సరం, వెనక బెంచీ. బయటే ఉంది."

ప్రిన్సిపాల్ గారు ఆ పిల్లను పిలిపించారు. పిల్లి లోపలికొచ్చి, అంతమంది పెద్దల ముందు నిలబడి, అరవై ఎలా వంద అవుతుందో చెప్పింది. ఎక్కడా లెక్క తప్పలేదు.

మాస్టారు ఆమె వైపు తిరిగి, "భయమెయ్యట్లేదా అమ్మాయ్?" అన్నారు.

"వేస్తోంది సార్. వందకి వంద."

ముందు నవ్వింది ఆ మాస్టారే. తర్వాత ఆయన గొంతు మారింది. "సరే, లెక్క నేర్చుకున్నారని ఒప్పుకుంటాను. మరి భయం ఎందుకు తగ్గలేదమ్మా?" పిల్లి మేడమ్ గారి వైపు చూసింది. చెప్పమన్నట్టు ఆవిడ తలూపారు. "మాకు భయం లెక్కలంటే కాదు సార్. బోర్డంటే. అందరి ముందూ నిలబెడతారు కదా."

పిల్లల్ని నీళ్లలోకి తోస్తేనే ఈత వస్తుందని గట్టిగా నమ్మిన మేడమ్ గారికి ఆ జవాబు చెంపదెబ్బలా తగిలింది. కౌన్సిల్ ఒక్క ఏడాది గడువిచ్చింది. ఆ ఏడాది ఆవిడ తమ రెండో ఆచారాన్ని తలకిందులు చేశారు. పిల్లలు కూర్చున్నచోటే కూర్చుంటారు, మేడమ్ గారే బోర్డు దగ్గర నిలబడతారు, పిల్లలు ఏ అడుగు చెబితే ఆ అడుగే వేస్తారు, తప్పు చెబితే తప్పే రాస్తారు. లెక్క గోతిలో పడ్డాక "ఎవర్రా నన్ను ఇందులోకి తోసింది?" అంటారు. క్లాసంతా నవ్వుతుంది, ఎవరో ఒకరు పైకి లాగుతారు. ఆ ఏడాది చివర పత్రాలను ముగ్గురు విడివిడిగా తిప్పి కూడారు. అంతకు ముందు బొమ్మ గీశారు. సగటు డెబ్బై ఒకటి. గొప్ప సంఖ్య ఏమీ కాదు, కానీ నిజమైన సంఖ్య. కోర్సు నిలిచింది, మేడమ్ గారూ నిలిచారు.

తర్వాత ఆవిడ విభాగాధిపతి అయ్యారు. పరిశోధన చేసేవాళ్ల కోసం శుక్రవారం సాయంత్రాలు లెక్కల సలహా గది తెరిచారు. ఆసుపత్రుల నుంచి కౌన్సెలర్లు పట్టికలు పట్టుకుని వచ్చి ఆ గది ముందు వరుసలో కూర్చునేవారు. వాళ్లలో ఎవరు ఏమడిగినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "తిప్పి కూడారా?" గణితం మాస్టారు కూడా తమ పదవీ విరమణ దాకా ఏటా ఒక క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు, తప్పు పట్టడానికే. ఆయనకు నాలుగు సుద్దముక్కలు దక్కాయి.

పిల్లి ఇప్పుడు మన విభాగంలోనే అధ్యాపకురాలు. వచ్చే ఏడు ఆ కోర్సు ఆమెది. పోయిన బుధవారం మేడమ్ గారు తమ ఆఖరి క్లాసును ఆమెకే అప్పగించి, తాము వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లి బోర్డు మీద ప్రామాణిక విచలనం చేస్తూ, తేడాల వర్గాలన్నీ కూడి, భాగించి, జవాబు కింద గీత గీసేసింది. చివర్లో తీయాల్సిన వర్గమూలం తీయలేదు. పిల్లలెవరూ గమనించలేదు. వెనక నుంచి ఒక చెయ్యి మెల్లగా లేచింది.

పిల్లి బోర్డు వైపు తిరిగి చూసుకుని నాలుక కరుచుకుంది. తర్వాత బెంచీల మధ్యగా నడిచి వచ్చి, తన చేతిలోని సుద్దముక్కను రెండు చేతులతో మేడమ్ గారికి అందించింది. ముప్పై మూడేళ్లలో ఆవిడ ఎన్ని పంచారో తెలియదు గానీ, అందుకున్నది అదొక్కటే.

"కావాలనే వదిలేశావా?"

"లేదు మేడమ్. నిజంగానే మర్చిపోయాను. మీరు కూర్చుంటే భయమేసింది."

"వందకి ఎంత?"

"అరవై."

"తిప్పి కూడావా?"

"తిప్పే కూడాను మేడమ్."

మేడమ్ గారు ఆ సుద్దముక్కను చేతిసంచీలో భద్రంగా పెట్టుకున్నారు.

సగటును నమ్మండి గానీ సగటు దగ్గరే ఆగిపోకండని మాకు నేర్పింది మేడమ్ గారే. అందుకే మేం కోరుకునేది కూడా సగటు ఆయుష్షు కాదు. ఆయుర్దాయం బొమ్మ గీస్తే కుడివైపు చిట్టచివర, మిగతా చుక్కలన్నిటికీ ఎంతో దూరంలో, ఆరోగ్యంగా, నవ్వుతూ, ఎవరో ఒకరి తప్పు పడుతూ ఉండే ఆ ఒక్క చుక్క మేడమ్ గారే కావాలి. ఆ బొమ్మ గీయడానికి మేమంతా సుద్దముక్కలతో సిద్ధంగా ఉంటాం.