ఎడమ పది, కుడి ఎనిమిది

చెప్పుల దుకాణం, బేరాల్లేని మధ్యాహ్నం. స్టూలు మీద బస్సు డ్రైవరు. ఎదురుగా పీటేసుకుని, అతని కుడికాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది దుకాణం నడిపే ఆవిడ. వచ్చినవాళ్లంతా ఆవిడను అక్క అనే పిలుస్తారు. ఇద్దరిలో ఎవరి నోటికీ తాళం లేదు.

"ఇంకోసారి అరిచావంటే ఈ బూటు నోట్లో కుక్కుతాను. కాలు వదులు చెయ్."

"వదిలేసే ఉన్నానక్కా. అబ్బ, నొక్కకు! అది కాలు, బేరమాడే సొరకాయ కాదు."

"కాలా ఇది? తలగడ. పోయినసారి కంటే లావైంది."

"తగ్గింది! డాక్టరే చెప్పాడు తగ్గిందని. ఇదిగో చూడు, మేజోడు. మోకాలిదాకా. పొద్దున్నే ఇది ఎక్కించేసరికి మా ఆవిడా నేనూ కుస్తీ పట్టినట్టు చెమటలు కక్కుతున్నాం."

"ఆహా! డాక్టరు దగ్గరికి పోయావా? ఇన్నేళ్లు నేను మొత్తుకుంటే చెవిన పెట్టలేదు."

"ఇప్పుడు మాత్రం నేను పోయానా? మా ఆవిడ చొక్కా పట్టుకుని లాక్కుపోయింది. సరే, ఎప్పటిలాగే. ఎడమ ఎనిమిది, కుడి పది. గోధుమ రంగు."

"గోధుమ రంగు కుదరదు."

"ఏం, సరుకు లేదా?"

"సరుకుంది. అవతలాయన ఒప్పుకోడు. నల్లవి కావాలట."

"మళ్లీ అవతలాయన! నా కాలికి ఏ రంగు వేసుకోవాలో చెప్పడానికి ఆయనెవరక్కా?"

"నువ్వు విడగొట్టిన రెండు జతల్లో మిగిలింది మోసేవాడు. ఎడమ పది, కుడి ఎనిమిది. ఆయనే లేకపోతే నువ్వు ప్రతిసారీ రెండు జతలు కొని ఒక జత చెత్తకుండీలో పారెయ్యాలి. కాస్త మర్యాదిచ్చి మాట్లాడు."

"ఇచ్చాంగా మర్యాద! పోయినసారి ఆయన మాట విని లేసుల్లేనివి కొన్నా. అంతకుముందు ఆ మొనదేలిన ముక్కువి. డిపోలో అందరూ 'ఏం పెళ్లికొడుకా, బస్సు తియ్' అంటూ నా పరువు తీశారు."

"నీ గురించి ఆయనా అంటాడులే. 'ఆ శాల్తీకి గోధుమ రంగు మీద అంత మోజేమిటి, బురద తొక్కినా తెలియకూడదనా?' అన్నాడు."

"శాల్తీనా? నన్ను శాల్తీ అన్నాడా? నల్లబూట్లు వేసుకునేది బ్యాంకు మేనేజర్లూ శవాలూ అని చెప్పు ఆయనతో. అచ్చం ఇలాగే చెప్పు."

"చెప్తాలే. మీ ఇద్దరి మధ్యా రాయబారం నడపడానికే కదా నేను దుకాణం పెట్టుకుంది. ఇంతకీ డాక్టరేమన్నాడు?"

"అడక్కు. గంటసేపు క్లాసు పీకాడు. ఒంట్లో రక్తం గొట్టాలు కాక ఇంకో రకం గొట్టాలున్నాయట, తెలుసా? శోషరసం పారేవట. ఆ పేరు వింటేనే నాకు శోష వచ్చింది."

"నీకు పని పేరు విన్నా శోషే. ఏం చేస్తాయవి?"

"కండల్లో ఊరిన నీరు తోడి, మళ్లీ తీసుకెళ్లి రక్తంలో కలుపుతాయి. అయితే ఊరికే తోడవు, పక్కనున్న కణాలు కబురు పెట్టాలి. ఇక్కడ గొట్టం పెరగాలి, అక్కడ నీరు వెనక్కి రాకుండా తలుపు కట్టాలి అని. ఆ కబురు వచ్చి గొట్టం గోడ మీద బెల్లు కొడుతుంది. మోగితే లోపలి కణం లేచి పనిలోకి దిగుతుంది."

"మరి నీకేం రోగం?"

"కొడుతూనే ఉన్నారట, నా బెల్లే మోగట్లేదు. కబురు లోటేం లేదు, అందుకునేదే పుట్టుకతో సగం చచ్చింది. దాంతో గొట్టాలు సరిగా పెరగలేదు. నీరొచ్చి కాల్లో కాపురం పెట్టింది."

"పుట్టుకతో అంటావు, కాలు వాచింది పెళ్లీడుకొచ్చాక కదా?"

"ఒక్కొక్కళ్లకి ఒక్కో వయసులో బయటపడుతుందట. నేనూ అదే అడిగా. నా మొహం అంత మొద్దుగా ఉంటుందా?"

"ఉంటుంది. మందేమిచ్చాడు?"

"బెల్లు బాగుచేసే మందింకా రాలేదట. ఈ మేజోడు, మర్దనా, కాలు ఆడించడం. నీరు కదులుతుంటే ఆ ఒరిపిడి గోడలోని కణాలకి తెలుస్తుందట. మందబుద్ధివైనా కాస్త మేలుకుంటాయి. ముందే పట్టుకుంటే ముదరకుండా చూడొచ్చు. పట్టించుకోకపోతే చర్మం మొద్దుబారిపోతుంది, పుళ్లు పడతాయి. రెండో కాలికీ రావచ్చు."

"ముందే అంటే... ఎవరికి ముందే?"

"అక్కడే వచ్చింది తంటా. ఇది వంశంలో నడుస్తుందట. పిల్లలకీ తోడబుట్టినవాళ్లకీ చూపించమన్నాడు. మా పిల్లకి చూపించాం, ఇప్పటికైతే బాగానే ఉంది."

"తోడబుట్టినవాళ్లకి?"

"ఈ వేళ్ల దగ్గర కాస్త బిగువుగా ఉంది చూడక్కా."

"మాట మార్చకు. నీకో అన్న ఉన్నాడన్నావుగా ఒకసారి."

"ఉండేవాడు."

"అయ్యో, పోయాడా?"

"పోవడమేంటి, దుక్కలా ఉన్నాడు. నా లెక్కలో పోయాడు. నా పెళ్లప్పుడే ఈ కాలు వాయడం మొదలు. కొత్త బూటు పట్టక నేను కుంటుకుంటూ వస్తుంటే, నలుగురి ముందూ 'జరగండి జరగండి, ఏనుగొస్తోంది!' అని అరిచాడు. అంతే, మళ్లీ వాడి గుమ్మం తొక్కలేదు."

"అంతేనా?"

"అంతేనా అంటావేం! పెళ్లికూతురూ నవ్వింది!"

"నవ్విందే ఇవాళ నీకు మేజోడు తొడుగుతోంది. మరి డాక్టరు చెప్పింది మీ అన్నకి చెప్పవా?"

"చచ్చినా చెప్పను. వాడి కాళ్లు, వాడిష్టం."

"ఆ కాళ్లూ పాడైపోతే?"

"పోనీ. అప్పుడు నేను అరుస్తా, జరగండి జరగండి అని."

"ఛీ, నీ నోరు పడ... అదేంటి, బూటులో మొహం పెట్టావు?"

"తోలో రెక్సినో తెలియాలిగా. ముందు వాసన చూడాలి, తర్వాత పిడికిలి దూర్చి లోపలి కుట్లు తడమాలి. మా నాన్న నేర్పాడు."

"ఇద్దరూ ఒకే తంతు. ముందు ముక్కు, తర్వాత పిడికిలి."

"ఇద్దరెవరు?"

"ఎవరూ లేరు. నల్లవే తీసుకో, పద."

"అక్కా, ఇద్దరెవరు?"

"నోరు జారింది. వదిలెయ్."

"అవతలాయన ఏం పని చేస్తాడు?"

"నాకేం తెలుసు?"

"ఊళ్లో అందరి పుట్టుమచ్చలూ తెలుసు నీకు. ఏం పని?"

"చెప్పనని మాటిచ్చాను తమ్ముడూ."

"గడియారాలా?"

"కాలు ఇటు పెట్టు, మేజోడు సర్దుతాను."

"గడియారాలు బాగుచేస్తాడు, అంతేనా? బల్ల వెనక కూర్చుని. కాళ్లు ఎవరికీ కనపడకుండా."

"ఊఁ."

"ఎడమకాలా వాడికి?"

"ఎడమే. నీకంటే ముందునుంచీ. నీ పెళ్లినాటికే ప్యాంటు కింద గుడ్డలు చుట్టుకుని తిరిగాడట. అందరూ నీ కాలు చూస్తే తన కాలు చూడరని ఆ కూత కూశాడట. నువ్వు కూర్చున్న ఆ స్టూలు మీదే కూర్చుని చెప్పాడు."

"ఈ స్టూలు మీదా? ముందే చెప్పొద్దూ, తుడుచుకుని కూర్చునేవాణ్ణి! అంటే ఇన్నాళ్లూ నా మిగిలిన బూట్లు తొడుక్కుని... వాడికి తెలుసా, అవి నావని?"

"మొదటినుంచీ."

"తెలిసే శాల్తీ అన్నాడా!"

"నువ్వు శవం అన్నావుగా. చెల్లుకు చెల్లు."

"ఈరోజుతో పొత్తు రద్దు. రెండు జతలూ నేనే కొంటా. మిగిలింది తగలబెడతా గానీ వాడికి మాత్రం ఇవ్వను."

"ఇవ్వకు. ఆయనకొచ్చిన నష్టమేం లేదు."

"ఎందుకు లేదు? ఎడమ పది, కుడి ఎనిమిది ఇంకెక్కడ దొరుకుతాయి వాడికి?"

"ఇంక అక్కర్లేదు. కుడికాలూ వాచింది. నిరుటినుంచీ. ఎనిమిది కాదు గదా, పది కూడా పట్టదు. రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ వస్తాడు."

"మరి పోయినసారి ఆ లేసుల్లేనివి?"

"అదిగో, పై అరలో. వాటి పక్కన ఆ మొనదేలినవి. కొంటాడు, అక్కడ పెట్టించి పోతాడు."

"పిచ్చా వాడికి? ఎందుకు కొనడం?"

"నువ్వు రెండు కాళ్లకీ పదే వేసుకుని, ఎడమ బూటు క్లచ్ మీద జారి బస్సుని గోడెక్కించావే, ఆ సంగతి నేనే చెప్పాను ఆయనకి. 'నేను మానేశానని తెలిస్తే ఆ పిసినారి మళ్లీ అదే పని చేస్తాడు. వాడికి చెప్పకు' అన్నాడు."

"వేసుకోనివాడికి మరి ఆ నల్లరంగు గోలేంటి?"

"నీతో పోట్లాడకపోతే తోచదట. ఏయ్, మొహం బయటికి తియ్, బూటులోంచి."

"ఉండక్కా. తోలు ఘాటు. కళ్లు మండుతున్నాయి."

"అది రెక్సిను."

"డాక్టరుకి చూపించుకున్నాడా?"

"చొక్కా పట్టుకుని లాక్కుపోయేవాళ్లెవరున్నారు ఆయనకి? వయసు మీదపడితే అంతేలే అంటాడు. నువ్వే ఓసారి బెల్లు కొట్టి చూడు. మోగదంటావా?"

"నా ఫోనైతే తియ్యడు. నీది ఇలా ఇవ్వు."

"ఇదిగో. మరి బూట్లు?"

"నల్లవే కట్టు. ష్, తీశాడు... హలో. కాదు, అక్క కాదు. ఎవరా? నీ రెండో బూటుని మాట్లాడుతున్నా. నోర్ముయ్, ముందు ఏడుపాపు. కాళ్లు రెండూ ఎత్తుమీద పెట్టుకుని కూర్చో, ఏనుగన్నయ్యా, వస్తున్నా."