జెండా కాడి ఇసుక గుంత

బాన్సువాడ దేశ్‌ముఖు మంజీర ఒడ్డున పశువులు మేసే ఇసుక దిబ్బల, వాన నీళ్లు కోసిన ఒర్రెల చుట్టూ ముళ్లకంచె వేయించి, దాన్ని గోల్ఫు మైదానం అన్నాడు. తెల్లవాళ్ల పిచ్చి ఈయనకూ అంటుకుందని జనం కడుపుబ్బా నవ్వుకున్నారు. కంచె దాటిన ఒక లంబాడీ పశువుల కాపరిని దొర కొట్టి చంపాడన్న మాట పుట్టాక మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆ తర్వాత నెలకు ఒక సాయంత్రం గడి జవాను గౌస్ పాషా దొరను వెతుక్కుంటూ చివరి జెండా దాకా వచ్చాడు. దొర లేడు. దొర ఆటకట్టెల సంచి మోసే లోక్యా ఒక్కడే, ఇసుక గుంత గట్టు మీద ఒక కట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“లేడంటే ఏంది, లోక్యా? సంచి ఈడ, నువ్వు ఈడ, దొర లేడా?”

“బంతి ఒర్రెల పడ్డది, పాషన్నా. దేవులాడుతుండు.”

“దొరనా? తానే దేవులాడుతుండా? ఎవ్వలకు చెప్తున్నవ్ గా మాట? బంతి పోతే నిన్ను తుమ్మలల్లకు తోలుతడు. దొర నడుము ఎన్నడన్న వంగిందా?”

“ఇయ్యాల వంగింది.”

“ఏ ఒర్రె?”

“అగ్గో, గా దిబ్బ అవుతల.”

“నేను గా దిబ్బ మీదికెల్లే వచ్చిన. పిట్ట గూడ లేదు.”

“అయితె ఇంక అవుతలకు పోయిండేమో. కూసో, పాషన్నా. జర సేపు కూసో.”

“కూసునుడేంది? గడిల చాయ చల్లారింది. తాలూక్దార్ సాబ్ మోటరు దిగిండు. రేపు పొద్దుగాల ఆట ఉన్నది, కాల్వ ఇంజనీరు దొర గూడ వస్తుండంట. దొరసాని నన్ను నిలబడనిస్తలేదు.”

“గీ ఇంజనీరే గద మా కొంప ముంచింది.”

“మెల్లగ మాట్లాడు.”

“దిబ్బ దిబ్బ తీరుగనే ఉండాలె, ఒర్రె ఒర్రె తీరుగనే ఉండాలె, గంపెడు మట్టి గూడ తియ్యద్దు అన్నడంట. గీ ఆటకు గిసుంటి భూమి దునియల దొరకదంట. మా తాత కాడికెల్లి గీ భూమి మీదనే గొడ్లను మేపినం. అప్పుడు ఎవ్వలు మెచ్చలే.”

“ఇగ అయిపాయె, ఎందుకు తోడుతవ్? ఆట ఎట్లాడిండు ఇయ్యాల?”

“మొదలు మంచిగనే ఆడిండు. పెద్ద దిబ్బ ఎక్కి కొడ్తె బంతి ఒర్రె మీదికెల్లి ఎగిరిపోయి, జెండా ముందట గడ్డి మీద పడ్డది. చూసినవా రా అని నన్నడిగిండు. చూసిన దొరా అన్న. నవ్విండు. తర్వాత నది దిక్కుకెల్లి గాలి లేసింది. ఎటు కొట్టినా బంతి ఇసుకల్నే. ఇసుకల ఎంత కొట్టినా ఇసుకే లేస్తది గని బంతి లేవదాయె. కోపమొచ్చినప్పుడల్ల నాకు ఒకటి తగిలిచ్చిండు.”

“చెంప మీద నెత్తురు గదేనా?”

“గదే.”

“అంగీ మీద?”

“గదే అంటున్న గద.”

“నీ చెంపకెల్లి కారిన నెత్తురు నీ వీపు మీదికి ఎట్ల పోయింది?”

“తుడుచుకున్ననేమో. ఎర్కలేదు.”

“గీ టోపీ దొరది గద. గీడ పడ్డదేంది?”

“గాలికి లేచింది.”

“నీ ఒళ్లె గా కట్టె ఎందుకు వంగింది? ఇనుప కట్టె వంగుతదా?”

“రాయికి తాకింది.”

“ఇసుకల రాయేంది, లోక్యా?”

“పాషన్నా, ఒక్క మాట అడుగుత.”

“అడగకు.”

“నేనింక అడగనే లేదు.”

“నువ్వు అడిగేది ఒక్కటే. నెల సంది గదే అడుగుతున్నవ్. నాకు ఎర్కలేదని చెప్పిన.”

“మా తమ్ముడు సోమ్లాను ఏడ పూడ్చినవ్?”

“ఎర్కలేదు.”

“ఆవులు గడ్డి మీదికి పోయినయని, మావోడు జెండా పీకి వాటిని కొట్టిండని, దొర గీ కట్టెతోనే మావోన్ని కొట్టిండు. వాని రెక్కలు పట్టుకున్నది నువ్వు.”

“పట్టుకోమన్నడు, పట్టుకున్న. నేను పట్టుకోకుంటె నా రెక్కలు ఇంకొకడు పట్టుకుంటుండె.”

“దవడ మీద కొట్టిండు. మోకాళ్ల మీద కొట్టిండు. చెయ్యి నొచ్చి కుర్చీ తెప్పిచ్చుకున్నడు. కూసొని మళ్ల కొట్టిండు. తండ తండకే ఎర్క. నేను గది అడుగుతలేను. పెండ్లి గానోన్ని మేము మట్టిల పెడ్తం, పాషన్నా. పెండ్లైనోన్ని కాలబెడ్తం. సోమ్లాకు చాంద్రితోని పెండ్లైంది. ఇసుకల ఉంటే వాడు ఏ దిక్కుకు పోడు. మా యాడి మెతుకు ముడుతలేదు. కొడుకును కనకపోయినా మంచిగుండె అని తన కడుపును తానే గుద్దుకుంటుంది. బొక్కలన్న తెచ్చియ్యిరా, కాలబెడ్త అంటుంది.”

“మీ అవ్వను జర ఓపిక పట్టుమను.”

“సచ్చినోని కోసం ఓపికేంది?”

“ఊరికె అన్న. మాట వరసకు అన్న.”

“నువ్వు గిట్లనే మాట మింగుతవ్.”

“నిన్ను గీ పనికి పెట్టిచ్చింది నేను. దొర నిన్ను గుర్తు పట్టలే. నోరు మూసుకొని రెండు పూటల తిను అని పెట్టిచ్చిన.”

“తిండికి రాలే నేను. పొద్దుగాల ఇసుక సాపు చెయ్యమంటె, ప్రతి గుంతల ఇనుప కట్టె దించి చూసిన. యాడన్న మెత్తగ తాకుతదేమో అని. తాకితె ఎట్ల అని భయం, తాకకుంటె ఎట్ల అని భయం.”

“యా అల్లా.”

“గీ చివరి గుంతకు మాత్రం నన్ను రానియ్యకపోతివి. నేనే సాపు చేస్త అని ఇసుక గీరే దంతె గుంజుకుంటివి.”

“దొర హుకుం.”

“ఇయ్యాల తవ్విన.”

“ఏంది?”

“నడుము లోతు తవ్విన. ఇసుక తప్ప ఏం లేదు.”

“దొర ఉండంగ తవ్వినవా?”

“ఉండంగనే.”

“ఉండంగనే అంటే? దొర నిలబడి చూసిండా?”

“నిలబడలే. గాడ ఉన్నడని చెప్పింది దొరనే. జెండా కాడి గుంతల పాషా పూడ్చిండు, కావాల్నంటె పాషాను అడుగు అన్నడు. దండం పెట్టుకుంట చెప్పిండు.”

“దొర నీకు దండం పెట్టిండా?”

“పెట్టిండు.”

“లోక్యా, దొర ఏడున్నడు?”

“ముందుగాల నాకు జవాబు చెప్పు. దొర అబద్ధం ఆడిండా?”

“లేదు. దొరకు గంతే ఎర్క.”

“అయితె అబద్ధం నీదా?”

“కట్టె కింద పెట్టు.”

“చెప్పు, పెడ్త.”

“పెట్టు, చెప్త. లోక్యా, లేవకు. దగ్గరికి రాకు. అరె, నేను నీకు… యా అల్లా, నా మోకాలు… పలిగింది రా, మోకాలు పలిగింది…”

“ఇంకో మోకాలున్నది.”

“వద్దు. చెప్త. కొట్టకు, చెప్త.”

“మావోడు గూడ గట్లనే అన్నడంట. కొట్టకు దొరా అన్నడంట. అప్పుడు నువ్వు రెక్కలు వదల్లే.”

“పూడ్చలే. వాన్ని నేను పూడ్చలే, లోక్యా.”

“నదిల పారేసినవా?”

“పారెయ్యలే. విను, కట్టె దించు, విను. దొర గడికి పోయిండు. గా ఇసుకను రోజు గీరుతరు గద, కొత్తగ తవ్వినా ఎవ్వలకు అనుమానం రాదు, గాడ పెట్టు అని పోయిండు. తవ్విన. వాన్ని గుంజి లోపట పండబెట్టిన. పారతోని ఇసుక పోసిన. మూలిగిండు.”

“ఎవ్వలు?”

“సోమ్లా. మొఖం మీద ఇసుక పడుతుంటె మూలిగిండు. నా చెయ్యి ఆడలే. మూలిగేటోని మీద ఎట్ల పోస్త? బయటికి గుంజిన, ఉత్త గుంత పూడ్చిన. గడ్డి బండిల పెట్టి, పైన గడ్డి కప్పి బిచ్కుందకు తోలిన. మా అక్క అజీజా ఇంట్ల ఉన్నడు.”

“ఉన్నడా?”

“ఉన్నడు. దవడ పలిగింది, మాట రాదు. కాలు వంగదు. గంజి తాగుతుండు. బతికిండు, లోక్యా. నీ తమ్ముడు బతికిండు.”

“నెల సంది?”

“తండల ఒక్కరికి తెలిసినా ఏడుపు ఆగుతది. ఏడుపు ఆగితె దొరకు తెలుస్తది. తెలిస్తె వాన్ని, నన్ను, నా బిడ్డ మాసూమాను, మా అక్కను, అందరిని బొంద పెడ్తడు. దొర పట్నం పోంగనే చెప్దామనుకున్న. ఇయ్యాల, రేపు అనుకుంట అనుకుంట గిన్ని దినాలాయె.”

“చాంద్రి గాజులు తీసింది. నువ్వు తండ మొగదల నిలబడి చూసినవ్.”

“చూసిన. గా దినం ఇంటికి పోయి నేను గూడ తినలే. గని వాడు బతికిండు గద. నిన్ననే మా అక్క కబురు పంపింది. చెయ్యి గుండె మీద పెట్టి అన్న ఏడి, అన్న ఏడి అని సైగ చేస్తుండంట. లోక్యా? నా మొఖం చూడు. ఏడుస్తున్నవా? ఏడువకు బిడ్డా.”

“నాకు ఎందుకు చెప్పలే, పాషన్నా? ఒక్కనాడన్న, ఒక్క మాటన్న.”

“తప్పే. నాదే తప్పు. మోకాలు పలగ్గొట్టినవ్, నేనేమన్న అన్ననా? ఇగ జర నన్ను లేపు. దొరను కొట్టినవ్, గది నాకు సమజైంది. కొడ్తె కొట్టినవ్. తాలూక్దార్ సాబ్ ఇటు రాకముందే పోయి దొరను లేపుదాం. దిబ్బ మీదికెల్లి జారి పడ్డడని నేను గవాహి చెప్త. నువ్వు మంజీర దాటి సీద బిచ్కుందకు పో, తమ్మున్ని తీస్కో. మరాఠోల దిక్కు పోతె ఎవ్వలు పట్టుకోరు. ఏ ఒర్రెల పడ్డడు? చెప్పు, జల్దీ చెప్పు.”

“ఒర్రెల పడలే.”

“మరి?”

“గుంత చూడు, పాషన్నా.”

“చూస్తున్న. సాపుగ ఉన్నది.”

“నేనే సాపు చేసిన.”

“నడుము లోతు తవ్విన అంటివి గద. లోక్యా. మళ్ల ఎందుకు పూడ్చినవ్?”

“ఇసుక పోస్తుంటె దొర గూడ మూలిగిండు. నా చెయ్యి ఆడింది.”