అమ్మ ముఖం రంగు

భిలాయి సెక్టర్ 6 క్వార్టర్లో తమ్ముడు అన్నం తింటున్నాడు. గ్యాలరీలో తను వేసిన బొమ్మల ప్రదర్శన ఆ పొద్దున్నే మొదలుపెట్టి వచ్చిన అక్క వడ్డిస్తోంది.

“అప్పా, పప్పులో పసుపు బదులు కారం ఏసీసినావేటి?”

“గిన్నెలు అటూ ఇటూ అయిపోనాయి. మజ్జిగ పోసుకో.”

“గిన్నెలు మారితే మాత్రం ఎర్రగా కనిపించదేటి? ఇటు చూడు, నా చొక్కా ఏ రంగు?”

“నీలం... కాదు, తెలుపు.”

“పసుపుది. ఎన్నాళ్లనించి ఇలాగ?”

“దసరానించి. సుగర్ కళ్లకెక్కిందన్నాడు డాక్టర్ సాబ్. అంతా బూడిదలాగే ఉంటంది.”

“మరి బొమ్మలెలాగ ఏసినావు?”

“పెట్టెలో రంగుల ట్యూబులున్న వరస బట్టి. ఆ వరస కూడా ఈ గిన్నెల్లాగే మారిపోనాదేటో. ఒరే, అమ్మ బొమ్మ చూసినావు కదా, ముఖం ఏ రంగులో ఉంది?”

“జనం దాని ముందే నిలబడిపోనారప్పా.”

“రంగు అడుగుతన్నాను.”

“ఆకుపచ్చ. నువ్వు కావాలనే ఏసినావనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.”

“అమ్మది చామనఛాయ రా!”

“మెచ్చుకున్నారు కదా, ఉండనీ.”

“నాకే తెలీకుండా ఏసిన బొమ్మకి మెప్పేటి? స్కూటర్ తియ్యి, చలో. గ్యాలరీ మూసీలోపల తెచ్చీసుకుందాం.”

“తెచ్చి ఏటి చేస్తావు?”

“దిద్దుతాను. నువ్వు పక్కన కూకుని రంగు సరిపోయిందో లేదో చెప్పు.”

“అమ్మ పోయినప్పుడు నేను ఉయ్యాల్లో ఉన్నాను. ఆ రంగు నేనెక్కడ చూసినానప్పా?”

“ఇదిగో, నా చెయ్యి చూసి చెప్పు. అమ్మది ఇదే రంగు.”