ముగ్గురు దిగిన ఫోటో

పక్క గదిలో ఫుమినో, ముఖం మీద తెల్లగుడ్డతో. ఈ గదిలో ఆవిడ మొగుడు తొకుజి, చెల్లెలు మిత్సుయో, ఇద్దరి మధ్యా పదహారు ఆల్బములు.

"ఇదీ కొంగే, బావా."

"మామూలు కొంగనుకున్నావా? నన్ను చూసి మెడ సర్దుకుని నిలబడింది. పెళ్ళిచూపుల్లో పిల్లలాగా."

"అక్క ఏది?"

"అక్క... నా వెనకాల. సంచి పట్టుకుని."

"రెండింటికల్లా అంత్యక్రియల వాళ్ళ మనిషి వస్తాడు. పీఠం మీద పెట్టడానికి మనిషి ముఖమున్న ఫోటో కావాలన్నాడు. కొంగనిద్దామా?"

"తిప్పు, పేజీ తిప్పు. ఇదిగో, ఫుజి కొండ! 'కదలకు' అన్నానంతే. ముప్ఫై ఏళ్ళయింది, కదిలిందా?"

"నవ్వించకు బావా, ఏడుపొచ్చేస్తోంది. ఈ నల్లమచ్చ ఏంటి?"

"ఎలుగుబంటి. కెమెరా ఎత్తి 'హా!' అన్నాను, పరుగో పరుగు."

"ఎవరు పరిగెత్తారు?"

"అదే!"

"మరి ఫోటో ఇంత ఊగిందేం? సరే, ఈ మూలనున్న చెయ్యి ఎవరిది?"

"మీ అక్కదే. అన్నం ముద్ద అందిస్తోంది. 'తిని తీసుకోరాదూ, కొండెక్కడికీ పోదు' అంది."

"ఇక్కడ చెయ్యి. ఇందులో నీడ. ఇందులో టోపీ అంచు. నలభై ఏళ్ళు, ప్రతి ఆదివారం వెంటేసుకుని తిరిగావు కదయ్యా! రైలుకి తీశావు, తాబేలుకి తీశావు, నువ్వు తిన్న నూడుల్స్‌కి—"

"నూడుల్స్ అనకు, సోబా అను."

"ఏదైతేనేం, గిన్నెకి మూడు తీశావు! కట్టుకున్నదానికి ఒక్కటి—"

"ఎదురుగానే ఉంది కదే. కొంగైతే ఎగిరిపోతుంది, రైలైతే వెళ్ళిపోతుంది. ఫుమినో ఎక్కడికి పోతుందనీ..."

"కొండ ఎక్కడికి పోతుందని తీశావు?"

"అది... నువ్వు పేజీ తిప్పు."

"టీ తాగు."

"వద్దు. పాస్‌పోర్టులో ఉంటుందేమో చూశావా?"

"ఎక్కడికెళ్ళింది గనక పాస్‌పోర్టు? అదేంటి, నీ మోకాలి కింద?"

"ఏదీ? ఏం లేదు."

"ఫోటోలా ఉందే."

"చెడిపోయింది. మసక."

"ఇటివ్వు. ఇవ్వు బావా! అయ్యో, అజిసాయి పూల కొండ! పోయినేడు మనం ముగ్గురం వెళ్ళాం చూడు. టీ దుకాణం ఆవిడ తీసింది. ఎంత బావుందమ్మా అక్క! పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతోంది. దీన్ని మోకాలి కింద పెట్టుకుని పొద్దుట్నించీ నన్ను కొంగల్లో వెతికిస్తున్నావా?"

"అది వద్దు."

"అటు నిన్నూ ఇటు నన్నూ కత్తిరించేస్తే సరిపోతుంది."

"వద్దన్నానా! నడుమ నిలబడి ఉంది."

"ఉంటే?"

"ముగ్గురు ఫోటో దిగితే నడిమి మనిషి ముందు పోతారని మా అమ్మ అనేది."

"మా అమ్మా అనేది. ఈ దేశంలో అనని అమ్మ ఎవరు? ఎలుగుబంటిని తరిమినవాడివి, దానికి భయపడతావా?"

"భయపడ్డాను."

"ఇప్పుడా?"

"అప్పుడు. ముందు నడుమ ఉన్నది నేను, మిత్సుయో. నువ్వు పూలు చూస్తూ గమనించలేదు. దుకాణం ఆవిడ కెమెరా ఎత్తింది, మా అమ్మ మాట గుర్తొచ్చింది. 'ఫుమినో, నువ్విటు మారు, ఎండ నా కళ్ళల్లో పడుతోంది' అన్నాను. మారింది. ఒక్క మాట అనకుండా మారింది. ఏడాది తిరగలేదు."

"బావా."

"నా చేత్తో నేనే నెట్టాను."

"బావా, ఇలా చూడు. ఎండేది ఇందులో? ముగ్గురి నెత్తినా గొడుగులే. వెనకాల చూరు కారిపోతోంది."

"గొడుగులా?"

"బస్సెక్కాక అక్క నా చెవిలో చెప్పింది. 'చూశావటే మీ ఎలుగుబంటి వీరుణ్ణి! కుండపోతలో ఎండ పుట్టించి నన్ను నడుమకి లాగాడు' అని."

"తెలుసా? దానికి... తెలిసే నిలబడిందా?"

"మరి ఆ నవ్వు ఎందుకొచ్చిందనుకున్నావు?"