గ్రహణానికో పిన్నీసు

ఓహాకాలో చీకటి పడుతూనే గ్రహణం మొదలైంది. పక్క మేడ మీది జంటలో మొగుడు టెలిస్కోపు పెట్టుకుని చంద్రుడి బొమ్మ గీస్తున్నాడు. పక్కనే నిండు చూలాలైన పెళ్ళాం. నేను మా మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్నాను.

“జరుగు, నేనూ చూస్తాను.”

“ముందు పొట్ట మీద పిన్నీసు పెట్టుకో.”

“లేకపోతే బిడ్డ పెదవి చీలుతుందా? అది మూఢనమ్మకమని పొద్దున బళ్ళో చెప్పొచ్చావుగా?”

“చెప్పాను. ఆ పిల్లలెవరూ కడుపుతో లేరు.”

“నువ్వు నమ్ముతావా?”

“నేను నమ్మను. అమ్మ ఊరుకోదు.”

“మీ అమ్మ వెరాక్రూజ్‌లో ఉంది.”

“ఫోన్ చేసి అడుగుతుంది. ఉండు, తెస్తాను.”

కిందికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చాడు.

“ఇదిగో, పిన్నీసుకు కట్టే ఎర్ర రిబ్బను కూడా దొరికింది. పెట్టుకున్నావా? ఇక చూడు.”

“నాకక్కర్లేదు. నీ బొమ్మ చూసుకో.”

“అరె, నీడ అంచు ఇంత నున్నగా నేనెప్పుడు గీశాను?”

“నువ్వు కాదు, నేను. నువ్వు పిన్నీసు వెతుకుతున్నంతసేపూ చూసే గీశాను.”